తీపి అట్లు కుదరని మూడు ఆదివారాలు

ఈ కథలో చుక్క నీళ్లు కలపలేదు. పాలమ్మేవాడి మాటలా ఉందని నవ్వకండి. జరిగింది జరిగినట్టు, గరిటె నిలబెడితే నిలబడేంత చిక్కగా చెప్పడమే ఇక్కడి పద్ధతి. ఎక్కడైనా పలచబడిందనిపిస్తే ఇంటికొచ్చి నిలదీయవచ్చు. నిలదీసిన వాళ్లకి రెండట్లు పెట్టి పంపడం కూడా ఇక్కడి పద్ధతే.

ఆ రోజు ఆదివారం. రెండో అంతస్తులో ఆ ఇంటి వంటగది కిటికీ అవతల, పిట్టగోడ మీద బూడిదరంగు పిల్లి ఒకటి కూర్చుని, ఫిర్యాదు పట్టుకొచ్చిన మనిషిలా ఆగకుండా అరుస్తోంది. దాని పేరు చెకింగు. పేరు పెట్టింది ఆ ఇంటి మామగారు. ఆయన ముప్పై మూడేళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. రోజూ ఒకే వేళకి వచ్చి, గుక్కెడు పాలు తాగి, మంచీ చెడూ మాట్లాడకుండా వెళ్లిపోయే పిల్లిని చూసి, "ఇది పోయిన జన్మలో మా చెకింగు ఇన్‌స్పెక్టరే, సందేహం లేదు" అన్నాడు. ఆయన పోయి రెండేళ్లయింది. పిల్లి మాత్రం డ్యూటీ మానలేదు.

"ఇదీ చిరిగింది," అంది అత్తగారు, పెనానికి అంటుకుపోయిన దాన్ని అట్లకాడతో గీకుతూ.

కోడలు కూరగాయల కత్తి పక్కన పెట్టి తొంగిచూసింది. పెనం మీద అట్టు లేదు. అట్టు పటం ఉంది, అదీ ముక్కలుగా విడిపోయిన దేశాల పటం. బెల్లం మాడి అంచులు నల్లబడ్డాయి. నడుమ ఇంకా పచ్చి.

వరసగా ఇది మూడో ఆదివారం.

బయటివాళ్లకి ఇది పెద్ద విషయంగా తోచకపోవచ్చు. ఆ ఇంట్లో మాత్రం ఆదివారం అంటే తీపి అట్లే. శనివారం మధ్యాహ్నం బియ్యం నానేసి, పాత చీరముక్క మీద ఆరబోసి, తడి ఇంకా వేలికి తెలిసేటప్పుడే పిండి పట్టాలి. మూడు డబ్బాల పిండికి బెల్లం ఒకటిన్నర. చెంబుడు నీళ్లలో ఆ బెల్లం కరగబెట్టి, వడకట్టి, యాలకుల పొడి చల్లి, ఆ నీళ్లన్నీ పిండిలో ఒక్కసారే గుమ్మరించాలి. ఇక అక్కడితో చేయి తీసేయాలి. పలచనైందని పొడిపిండి, గట్టిపడిందని నీళ్లు మళ్లీ కలిపితే అది అట్టు కాదు, చెప్పు అట్ట అని అత్తగారి శాసనం. నలభై అయిదేళ్లలో ఆవిడకి మళ్లీ కలపాల్సిన అవసరమే రాలేదు.

కోడలికి తను ఈ ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం ఇప్పటికీ గుర్తే. నెయ్యీ బెల్లమూ కలిసిన వాసన మెట్ల మీదుగా దిగి వీధిలోకి వెళ్లేది. కింది అంతస్తు దర్జీ సూది అడిగే నెపంతో పైకి వచ్చేవాడు. "దర్జీ ఇంట్లో సూది లేకపోవడమేంటయ్యా" అని మామగారు అడిగితే, "ఉన్న సూదులన్నీ పనిలో ఉన్నాయండీ" అనేవాడు. మామగారు తలుపు పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని, కొత్త కోడలికి బెల్లం నీళ్ల ఇత్తడి చెంబు చూపించాడు. దాని పొట్టకి ఓ పక్క గుప్పెడంత సొట్ట.

"ఇదెలా పడిందో తెలుసా అమ్మా? మా బస్సుకి ఓ ఆబోతు అడ్డం వచ్చింది. డ్రైవరు దిగి పారిపోయాడు. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి ఈ చెంబు విసిరాను. ఆబోతు దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంది."

మరో వారానికి ఆబోతు పోయి వరద వచ్చింది. ప్రయాణికులందరినీ ఈ చెంబుతో నీళ్లు తోడి కాపాడాడు. ఇంకో వారం ఇంకోటి. చెవిలో పువ్వు పెట్టడంలో ఆయన పూలకొట్టు పెట్టుకోదగ్గ మనిషి. మధ్యమధ్య మాత్రం భార్య వైపు ఓరగా చూసి, "అసలు సంగతి అది కాదులే. ఈ సొట్ట పడ్డాకే మీ అత్తయ్యకి అట్లు పోయడం వచ్చింది" అనేవాడు. అత్తగారు అట్లకాడ ఎత్తేది. ఆయన కంచం అడ్డం పెట్టుకునేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

ఇప్పుడా స్టూలు మీద ఆయన కొడుకు కూర్చున్నాడు. కళ్లద్దాల దుకాణంలో పని. ఊళ్లో అందరికీ చూపు సరిచేస్తాడు గాని, తనకి ఎదుట ఉన్నది కనపడ్డం ఎప్పుడూ కాస్త ఆలస్యమే.

"అమ్మా, ఇది అట్టా, హల్వానా? హల్వా అయితే చెంచా ఇవ్వు, మారు మాట్లాడకుండా తినేస్తాను."

"పెనంలో ఏదో ఉందిరా."

"పోయిన వారం బియ్యం అన్నావు. అంతకు ముందు బెల్లం అన్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస."

"అది సరే, పాల ప్యాకెట్లు చిన్నవి చేశారు, చూశావా? గుక్కెడు కూడా మిగలట్లేదు చెకింగుకి. అందుకే అరుస్తోంది."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ఈ పాల గోల కూడా మూడు వారాలుగా సాగుతోంది. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చుక్క రక్తంలో ఎంత చక్కెర ఉందో చెప్పగల మనిషి. పోయిన వారమే ఇంట్లో ఉన్న కొలజాడీలో ప్యాకెట్టు పాలు పోసి చూసింది. సరిగ్గా అయిదు వందల మిల్లీలీటర్లు, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మాట మొగుడి చెవిలో వేసింది. తేడా ప్యాకెట్టులో లేదు, అమ్మలోనే ఉందని ఇద్దరికీ తోచింది.

"అమ్మా," అన్నాడు కొడుకు, గొంతు మార్చి. "మంగళవారం నేను సెలవు పెడుతున్నాను. ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం."

"ఏం చూపించుకోవాలి? మోకాళ్లా?"

"అన్నీ. మతిమరుపు... అంటే, వయసులో ఉండేదే. ముందుగా చూపిస్తే మంచిదంటారు."

అట్లకాడ చప్పుడు ఆగిపోయింది. ఏదో ఒకటి అనాలని కోడలు ఆ పూట అనకూడని మాట అనేసింది.

"పోనీ, ఒక పని చేద్దాం అత్తయ్యా. కొలతలన్నీ పుస్తకంలో రాసుకుందాం. మీరు చెప్పండి, నేను కొలజాడీతో కొలిచి రాస్తాను. మర్చిపోయినా బెంగ ఉండదు."

"మర్చిపోయినా," అంది అత్తగారు. ఆ ఒక్క ముక్కనే రెండుసార్లు అంది. స్టవ్వు కట్టేసింది.

"అత్తయ్యా, నా ఉద్దేశం..."

"మీ మావయ్య బస్సు రూటులో ఇరవై ఏడు స్టాపులమ్మాయ్. విను. డిపో, మిల్లు గేటు, పాత వంతెన, చేపల బజారు, ఆడపిల్లల బడి, కోర్టు, పెద్దాసుపత్రి..." అలా ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. పద్దెనిమిదో స్టాపు దగ్గర అట్లకాడ గట్టిగా పట్టుకుంది గాని స్టాపు తప్పలేదు. "...తోళ్ల గిడ్డంగి, రైలు గేటు, నీళ్ల ట్యాంకు. ఇరవై ఏడు. రోజూ లేవగానే చెప్పుకుంటున్నాను. మూడు వారాలుగా. ఎందుకో తెలుసా?"

కొడుకు స్టూలు మీద నుంచి లేచాడు.

"మా అమ్మకి ఇలాగే మొదలైంది. మొదట చేతి కొలత పోయింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. మేం నవ్వేవాళ్లం, ఇప్పుడు నువ్వు నవ్వినట్టు. రెండేళ్లు తిరిగేసరికి నన్ను చూసి, ఈవిడెవరు, మంచం మీద కూర్చుందేంటి, అంది. నాకు చావంటే భయం లేదురా. మీరెవరో తెలియకుండా మీ మధ్య తిరగడమంటే భయం."

"అమ్మా, అలా మాట్లాడకు."

"ఇదిగో అమ్మాయ్." అట్లకాడ కొంగుతో తుడిచి, కోడలి చేతిలో పెట్టింది. "ఇక ఈ పెనం నీది. చేయి చెడ్డాక పట్టుకు వేలాడకూడదు."

మంగళవారం డాక్టరు ఏవో ప్రశ్నలడిగాడు. ఈవిడ అన్నిటికీ సరిగ్గా చెప్పి, చివర ఇరవై ఏడు స్టాపులు కూడా వినిపించింది. "మీకేం లేదమ్మా, నాకే నిన్నటి కూర గుర్తులేదు" అని ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మా అమ్మని చూసిన డాక్టరు కూడా మొదట్లో నవ్వాడు అంది. ఇంటికొచ్చి వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించింది. ఉప్పు. పంచదార. ఆవాలు. ఆవాలు చూస్తే ఆవాలని తెలియదా అని కోడలు అడగబోయి, ఎందుకు అంటిస్తోందో అర్థమై, పక్కగదిలోకి వెళ్లి ముక్కు చీదుకుంది.

బుధవారం తెల్లవారింది. వంటిల్లు కోడలి చేతికి వచ్చింది కాబట్టి పాలు పోసే పని కూడా తనదే. ఎన్నడూ ఆ పని చేసి ఎరగదు. అత్తగారు ఎలా చేసేదో అలాగే ప్యాకెట్టు మూల కత్తిరించి, ఇత్తడి చెంబులోకి వంచింది. పాలన్నీ చెంబులోకి దిగాయి. పైన బొటనవేలు మందం ఖాళీ.

పిట్టగోడ మీద చెకింగు అరిచింది.

కోడలు పిల్లిని చూసింది. చెంబును చూసింది. మామగారి గొంతు చెవిలో వినపడినట్టయింది. "మా ఇంటి చెంబు చాలా మర్యాదస్తురాలమ్మా. అరలీటరు పోస్తే తను నిండాక గుక్కెడు అతిథికి మిగులుస్తుంది." చెంబు అంచుకి పాలు వచ్చి నిలబడేవి. ప్యాకెట్టులో మిగిలిన గుక్కెడు పిల్లి మూకుట్లోకి వెళ్లేది. ఏళ్ల తరబడి, రోజూ.

ప్యాకెట్టు చిన్నది కాలేదు. చెంబు పెద్దదైంది.

ఆమె వేళ్లు చెంబు పొట్ట మీద తడిమాయి. నున్నగా ఉంది. తళతళలాడుతోంది. మూడు వారాల క్రితం ఇంటికి రంగులు వేయించినప్పుడు, అత్తగారిని సంతోషపెట్టాలని ఇత్తడి సామానంతా మోసుకెళ్లి మెరుగు పెట్టించింది తనే. పాత్రల కొట్టాయన చెంబు అందిస్తూ, "మంచి చెంబమ్మా. సొట్ట చూడలేక ఊరికే తీసి పెట్టాను" అంటే, ఎంత మంచివాడో అనుకుంది తనే.

పాలు గిన్నెలో వంచి, చెంబు కడిగి, అంచుదాకా నీళ్లు పట్టి, కొలజాడీలో పోసింది. అయిదు వందల నలభై. సొట్ట ఉన్నప్పుడు నాలుగు వందల డెబ్బైకి మించి ఉండదు. మూడు డబ్బాల పిండిలోకి ప్రతివారం డెబ్బై మిల్లీలీటర్ల నీళ్లు ఎక్కువ పడ్డాయి. అట్టు చిరగక ఏం చేస్తుంది? పోయిన వారం ఇదే జాడీలో పాలను కొలిచింది గాని, చెంబును కొలవాలని తోచలేదు. బాగా చదువుకున్నవాళ్ల తప్పులు ఇంత శుభ్రంగానే ఉంటాయి.

చెప్పకుండా గట్టెక్కే దారి ఒకటుందని ఆమెకి తోచకపోలేదు. వచ్చే ఆదివారం బెల్లం నీళ్లలోంచి నాలుగు గరిటెలు చాటుగా తీసేస్తే చాలు. అట్లు కుదురుతాయి, తన నిర్వాకం తనలోనే ఉండిపోతుంది. ఆ ఆలోచన ఎంతసేపు నిలిచిందంటే, ఆవాల డబ్బా మీద చీటీ కనపడేదాకా.

అత్తగారు ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుని, పెదవులు కదుపుతోంది. పాత వంతెన, చేపల బజారు.

"అత్తయ్యా, మీ చేతికేం కాలేదు," అంది కోడలు, చెంబు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని. "మీ మతికీ ఏం కాలేదు. చేసింది నేను."

మొత్తం చెప్పింది. పాలు, పిల్లి, కొట్టాయన, కొలజాడీ, డెబ్బై. చెప్పేటప్పుడు తలెత్తలేదు. చెప్పడం అయ్యాక కూడా ఎత్తలేదు.

అత్తగారు చెంబు అందుకుని, సొట్ట ఉండే చోట బొటనవేలు ఆనించింది. నలభై అయిదేళ్లు ఆ వేలు కూర్చున్న గుంట అది.

"సొట్ట లేని చెంబు చూసిన రోజు ఏడుపొచ్చిందమ్మాయ్. నువ్వు ముచ్చటపడి చేయించావని ఊరుకున్నాను. అదే వారం అట్లు చెడ్డాయి. ఆయన గుర్తు పోయేసరికి చేతిక్కూడా ఆయన లేడని తెలిసిపోయిందేమో అనుకున్నాను."

"నన్ను తిట్టండి అత్తయ్యా."

"తిడతాను, ఉండు. ముందు నన్ను గుర్తు తెచ్చుకోనీ." ఆవిడ కళ్లు మూసుకుంది. "కాపురానికొచ్చిన కొత్త. మా అమ్మ దగ్గర చూసి వచ్చానని, నాకంతా వచ్చని గొప్పలు పోయి, ఈ చెంబుతోనే బెల్లం నీళ్లు కలిపాను. అట్లన్నీ ఇలాగే చిరిగాయి. ఆయన ఒక్క మాట అనలేదు, గుడ్డపీలికలు ఏరుకున్నట్టు ఏరుకుని తిన్నాడు. తిని, కింది దర్జీని పిలవనా, కుట్టిపెడతాడు, అన్నాడు."

కోడలికి నవ్వాగలేదు.

"నవ్వు, నవ్వు. నాకూ అప్పుడు నీ వయసే, నవ్వు రాలేదు. చెంబు తీసి విసిరాను. ఆయన వంగాడు, గడప వంగలేదు. అదీ ఆ సొట్ట. మళ్లీ వారం పోశాను. బంగారంలాంటి అట్లు. కోపంతో పట్టుదల వచ్చింది, దానితో చేయి తిరిగింది అనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను."

ఆవిడ ఠక్కున ఆగింది. చెంబు వైపు చూసింది. తర్వాత తలుపు పక్క పొట్టి స్టూలు వైపు చూసింది.

"సొట్ట పడ్డాకే నీకు అట్లు వచ్చాయి," అంది మెల్లగా. "ఈ మాట ఎన్నిసార్లన్నాడు."

"అన్నారు అత్తయ్యా. నేను వచ్చాక కూడా."

"ఆబోతు అన్నాడు, వరదన్నాడు. జీవితమంతా కోతలే. ఇదొక్కటే నిజం చెప్పాడు, దీన్ని ఒక్కరమూ నమ్మలేదు. ఆయనకి తెలుసమ్మాయ్. టిక్కెట్లు తెంచిన చేయి, కొలత తెలియకుండా ఉంటుందా? తెలిసీ, బయట అందరి ముందూ నా చేతి మహిమే అంటూ తిరిగాడు. ఇంట్లో మాత్రం నవ్వుతూ నిజం చెప్పాడు. నేను అట్లకాడ ఎత్తాను."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. రెండేళ్ల క్రితం ఆయన పోయిన రోజు వచ్చిన చుట్టాలకి కాఫీలు కలపడంలో పడి సరిగా ఏడవలేదని ఇంట్లో అనుకునేవాళ్లు. ఆ బాకీ తీరేదాకా ఏడ్చింది. కోడలు ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టుకుని తనూ ఏడ్చింది. అత్తగారి చేయి ఆమె జుట్టు నిమురుతూనే ఉంది.

అదే సమయానికి కొడుకు స్నానం చేసి వచ్చాడు. ఇద్దరూ ఏడుస్తున్నారు, నడుమ చెంబు ఉంది.

"ఏమైంది? డాక్టరు ఫోన్ చేశాడా?"

"ఒరేయ్ కళ్లద్దాలూ," అంది తల్లి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఆడలేక మద్దెల ఓడన్నానన్నావే. వెళ్లి చూసుకో. ఈసారి నిజంగా మద్దెలే ఓడు."

ఆదివారం పొద్దున్నే అందరూ గడప ముందు నిలబడ్డారు. నీళ్లు తక్కువ పోసుకుంటే సరిపోతుంది కదా అని కొడుకు అన్నాడు. తల్లీ పెళ్లామూ కలిసి వాడి వైపు చూసిన చూపుకి మళ్లీ నోరెత్తలేదు. అత్తగారు చెంబు కోడలి చేతికిచ్చింది.

"నువ్వు విసురు. తీయించింది నువ్వేగా."

"మీరు విసరండి అత్తయ్యా. నాకు గురి లేదు."

"కోపం తెచ్చుకుంటే గురి అదే వస్తుంది. మొగుణ్ణి చూస్తూ విసురు."

కోడలు మొగుణ్ణి చూసింది. మతిమరుపు, డాక్టరు, హల్వా, అన్నీ గుర్తు తెచ్చుకుంది. విసిరింది. ఖంగుమని గడప మోగింది. కింద దర్జీ తలుపు తెరిచి, "సూది ఉందాండీ" అని పైకి కేకేశాడు. ఒక్క దెబ్బకి సొట్ట సరిగ్గా పాత చోటే, పాత లోతే పడింది. ప్యాకెట్టు పాలు పోసి చూశారు. చెంబు నిండి, గుక్కెడు మిగిలింది. చెకింగు దిగి వచ్చి, తాగి, మూతి తుడుచుకుని, సర్టిఫికెట్టు ఇచ్చినట్టు ఒకసారి తోకాడించి వెళ్లిపోయింది.

కోడలు అట్లకాడ తీసుకొచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ తీసుకుంది గాని, పెనం ముందు నిలబడలేదు. కోడల్ని నిలబెట్టి, వెనక నుంచి ఆమె చేతి మీద చేయి వేసింది. మూత తీసేసరికి అట్టు అంచులు అల్లికలా లేచి, నడుమ తేనెరంగుకి తిరిగి ఉంది. అట్లకాడ ఆనించగానే జారి వచ్చింది. మొదటిదాన్ని అత్తగారు కంచంలో వేసి, పొట్టి స్టూలు మీద పెట్టింది. కాసేపాగి, "ఇక తినరా, చల్లారిపోతుంది" అని కొడుకుని పిలిచింది.

ఆవాల డబ్బా మీద చీటీ చాలా రోజులు అలాగే ఉంది. ఆవిడ తీయలేదు, కోడలే ఓ రోజు కడుగుతూ ఊడగొట్టింది. స్టాపులు మాత్రం ఇప్పటికీ పొద్దున్నే చెప్పుకుంటుంది ఆవిడ, భయంతో కాదు. ఆ వేళకి బస్సు ఎక్కినట్టుంటుందట.

ఇక మొదట్లో చుక్క నీళ్లు కలపలేదని అన్న మాట ఒకటుంది. ఒక్క గుక్కెడు కలిసింది, ఒప్పుకోవాలి. ఒక్క దెబ్బకి సొట్ట సరిగ్గా పడిందన్నది అబద్ధం. పదకొండు సార్లు విసిరారు. నడుమ రెండుసార్లు సొట్ట మరీ ఎక్కువై, పాత్రల కొట్టాయన్ని బతిమాలి తీయించుకు రావాల్సి వచ్చింది, గడప పెచ్చు ఒకటి లేచిపోయింది, అట్లు మధ్యాహ్నం రెండింటికి గాని తినలేదు. మిగతాదంతా నిజమే. నమ్మకపోతే పిల్లిని అడగండి.